ప్లాక్ పోయిన డెన్సిటోమీటర్‌కి కొలబద్ద ఎక్కడ దొరుకుతుంది?

ఫిల్మ్ గానీ ప్రింట్ గానీ ఎంత నల్లగా ఉందో, అంటే దాని డెన్సిటీ ఎంతో కొలిచే మెషీన్ డెన్సిటోమీటర్. పాతది కొన్నవాళ్ళకి దాదాపు ప్రతిసారీ ఎదురయ్యే లోటు ఒకటే. మెషీన్ వస్తుంది, పవర్ కార్డ్ వస్తుంది, అదృష్టం బాగుంటే మాన్యువల్ కూడా వస్తుంది. రీడింగ్ సరిచూసుకోవడానికి విలువ ముందే కొలిచి ఇచ్చే రిఫరెన్స్ ముక్క మాత్రం రాదు. ప్రింట్లని చదివే రిఫ్లెక్షన్ మెషీన్ అయితే అది అరచేతిలో పట్టే పింగాణీ ప్లాక్, ఫిల్మ్‌ని చదివే ట్రాన్స్‌మిషన్ మెషీన్ అయితే వేలెడంత ఫిల్మ్ పట్టీ. కలర్ ల్యాబ్ మూతపడ్డప్పుడు మెషీన్‌ని బరువు చూసి ఎవరో ఒకరు తీసుకుపోతారు, సొరుగులో ఉన్న ప్లాక్ చెత్తబుట్టలోకి పోతుంది.

పోనీ కంపెనీనే అడుగుదామంటే ఆ కంపెనీలే చేతులు మారాయి. మాక్‌బెత్ 1997లో గ్రెటాగ్‌తో కలిసిపోయింది. ఆ గ్రెటాగ్‌మాక్‌బెత్‌ని 2006లో ఎక్స్-రైట్ కొనేసింది. అదే ఏడాది కోనికా మినోల్టా కెమెరాల వ్యాపారమే వదిలేసింది. కాబట్టి మాక్‌బెత్ టిడి-904 డెన్సిటోమీటర్‌కో, ఎక్స్-రైట్ 810కో, మినోల్టా లైట్ మీటర్‌కో ఒరిజినల్ రిఫరెన్స్ కావాలనడమంటే, ఇల్లు మారిపోయినవాళ్ళకి పాత అడ్రసుకి ఉత్తరం వేయడమే.

నా మాట ముందే చెప్పేస్తాను: ఆ ఒరిజినల్ ముక్క కోసం నెలల తరబడి వేలాలు తిరగొద్దు. ముప్పై ఏళ్ళ పట్టీ మీద అచ్చేసిన సంఖ్య ఆ రోజుది. ఈ మధ్యలో దాని మీద ఎన్ని గీతలు పడ్డాయో, ఎంత బూజు పట్టిందో, ఎవరి వేలిముద్రలు ఉన్నాయో ఆ సంఖ్యకి తెలీదు. కొత్తగా కొన్న మామూలు స్టెప్ టాబ్లెట్ (మెట్టుమెట్టుకీ నల్లదనం పెరిగే ఫిల్మ్ పట్టీ) చాలాసార్లు దానికంటే నమ్మకమైనది. రిఫరెన్స్‌లో చూడాల్సింది ఎవరు చేశారన్నది కాదు. అది నిలకడగా ఉందా, మీరు వాడే రేంజ్‌లో ఉందా, దాని విలువని మీ మెషీన్ చూసే పద్ధతిలోనే కొలిచారా? ఈ మూడే.

మూడోది అందరూ మర్చిపోయేది. కథంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

సున్నా ఉచితంగానే వస్తుంది

ట్రాన్స్‌మిషన్ డెన్సిటోమీటర్ కొలిచేది నిష్పత్తిని. ఫిల్మ్ లేకుండా వచ్చే వెలుతురు ఎంత, ఫిల్మ్ పెడితే వచ్చేది ఎంత, ఆ నిష్పత్తికి లాగరిథమ్ ఎంత. సగం వెలుతురు దాటితే 0.30, పదో వంతు దాటితే 1.00, వెయ్యో వంతు దాటితే 3.00. అంటే ఖాళీ అపెర్చర్ (వెలుతురు వచ్చే రంధ్రం) మీద మెషీన్ తల దించి జీరో నొక్కితే మొదటి రిఫరెన్స్ చేతికొచ్చినట్టే. దానికి ప్లాక్ అక్కర్లేదు, సర్టిఫికెట్ అక్కర్లేదు. మనకి కావాల్సింది పైన ఒక తెలిసిన విలువ, మధ్యలో ఒకటో రెండో. పై విలువ మెషీన్‌ని సరిచేయడానికి, మధ్యవి ఆ సరిచేయడం నిజమేనా అని చూడటానికి.

మధ్య విలువలు లేకుండా రెండు బిందువులతో సెట్ చేసి పని అయిపోయిందనుకోవడం మహా ప్రమాదం. ఎందుకో కింద లెక్కతో చూద్దాం.

ట్రాన్స్‌మిషన్‌కి మొదటి దారి స్టౌఫర్. అమెరికాలో ఇండియానా రాష్ట్రం మిషవాకాలో ఉన్న ఈ సంస్థ చేసే టి2115 పట్టీలో 21 మెట్లు ఉంటాయి, మెట్టుకి 0.15 చొప్పున 0.05 నుంచి 3.05 దాకా. టి3110లో 31 మెట్లు, మెట్టుకి 0.10. పేరు చివర 'సి' ఉంటే కాలిబ్రేటెడ్ అని అర్థం. ప్రతి మెట్టుకీ కొలిచిన విలువల కాగితం దాంతో వస్తుంది. 'సి' లేనిదాంట్లో పైన చెప్పిన అంకెలు నామమాత్రమే, ప్రతి మెట్టూ కచ్చితంగా అక్కడే ఉంటుందని హామీ లేదు. ధరలో తేడా ఎక్కువే. కానీ ఒక్క కాలిబ్రేటెడ్ పట్టీ, రెండు మామూలు పట్టీలు కొని, మామూలువాటి విలువల్ని కాలిబ్రేటెడ్‌తో పోల్చి రాసుకుంటే, అసలుదాన్ని కవర్‌లోనే దాచుకోవచ్చు. కస్టమ్స్ స్కానర్ ఎక్స్-రేకి పాడవుతుందేమోనని కొందరు బెంగపడతారు. అది డెవలప్ అయి ఫిక్స్ అయిన ఫిల్మ్, దానికేం కాదు. కోడాక్ నంబర్ 2, నంబర్ 3 టాబ్లెట్లు పాత ల్యాబుల్లో కనబడితే తీసుకోండి, అయితే విలువల కాగితం ఉంటేనే.

రెండో దారి హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళకి బాగా కలిసొచ్చేది. ఫోటో ల్యాబులు పోయాయి గానీ, వెల్డింగ్‌లనీ కాస్టింగ్‌లనీ ఎక్స్-రే తీసి చూసే ఇండస్ట్రియల్ రేడియోగ్రఫీ పోలేదు. బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి, పటాన్‌చెరు వైపు ఫ్యాక్టరీలకి ఎన్‌డీటీ (వస్తువుని పాడుచేయకుండా పరీక్షించే) సర్వీసులు చేసేవాళ్ళు ఇప్పటికీ ఫిల్మ్ వాడుతున్నారు. ఫిల్మ్ నల్లదనం సరిపోయిందని కాగితం మీద చూపాలి కాబట్టి వాళ్ళ దగ్గర డెన్సిటోమీటర్ ఉంటుంది, దాన్ని సరిచూసుకునే స్టెప్ వెడ్జ్ ఫిల్మూ ఉంటుంది. అమెరికా మెకానికల్ ఇంజనీర్ల సంఘం (ఏఎస్‌ఎంఈ) కోడ్ సెక్షన్ 5, ఆర్టికల్ 2 ప్రకారం ఆ పట్టీలో 1.0 నుంచి 4.0 మధ్య కనీసం 5 మెట్లుండాలి, వాడకంలో ఉన్న మెషీన్‌ని 90 రోజులకోసారి సరిచూడాలి, 1.0, 2.0, 3.0, 4.0 దరిదాపు మెట్ల దగ్గర తేడా 0.05 దాటకూడదు. మన ఫోటో పనికి అంత వదులు పనికిరాదు గానీ, కొలిచిన విలువలతో, గడువు తేదీతో, ఇవాళ కొనగలిగే వస్తువు దొరకడమే గొప్ప. ఆగ్ఫా డెన్‌స్టెప్ పట్టీలు ఈ కోవలోవే.

అయితే ఎక్స్-రే ఫిల్మ్‌కి రెండు గుణాలున్నాయి. ఒకటి, బేస్‌కి లేత నీలం రంగు. కలర్ డెన్సిటోమీటర్‌లో ఎరుపు ఛానెల్ ఎక్కువ, నీలం ఛానెల్ తక్కువ చూపిస్తుంది, కాబట్టి మన కంటి చూపుకి తగ్గట్టు కొలిచే విజువల్ ఛానెల్‌లోనే చదవాలి. రెండోది, ఎమల్షన్ చాలావరకు రెండు వైపులా ఉంటుంది. మామూలు ఫిల్మ్‌లా 'ఎమల్షన్ ఇటు' అని తిప్పుకునే వీలుండదు. పాత ఫోటో పట్టీతో పోల్చినప్పుడు చివరి అంకెలో తేడా వస్తే కంగారు పడక్కర్లేదు.

మూడో దారి అందరికీ ముందు తట్టేది, అన్నిటికంటే మోసం చేసేది: సినిమా లైటింగ్‌వాళ్ళు లైటు తగ్గించడానికి వాడే బూడిద రంగు ఎన్‌డీ (న్యూట్రల్ డెన్సిటీ) జెల్. కృష్ణానగర్‌లో లైట్లు అద్దెకిచ్చే చోట అడిగితే లీ 209, 210, 211 ముక్కలు దొరుకుతాయి. వరసగా 0.3, 0.6, 0.9. మన కంటికి బూడిద రంగే. కానీ ఆ రంగు వేయడానికి వాడిన డైలు కంటికి కనిపించే వెలుతురునే ఆపుతాయి, ఇన్‌ఫ్రారెడ్‌ని వదిలేస్తాయి. సిలికాన్ సెన్సర్‌కి ఇన్‌ఫ్రారెడ్ అంటే ప్రీతి. మెషీన్‌లో వేడిని ఆపే ఫిల్టర్ పాడైనా, తీసేసినా, నాలుగు 211 జెల్ ముక్కలు పేర్చినప్పుడు 3.6 రావాల్సింది రెండు కూడా రాకపోవచ్చు. పరీక్ష ఇంట్లోనే చేయొచ్చు. టీవీ రిమోట్ బల్బు ముందు మూడు నాలుగు జెల్ ముక్కలు పెట్టి బటన్ నొక్కుతూ ఫోన్ సెల్ఫీ కెమెరాలోంచి చూడండి. గది లైటు ఆ జెల్‌లోంచి దాదాపు కనబడదు, రిమోట్ బల్బు మాత్రం ఊదారంగులో చక్కగా మెరుస్తుంది. (కొన్ని ఫోన్ల కెమెరాలు ఇన్‌ఫ్రారెడ్‌ని ఆపేస్తాయి, ముందు జెల్ లేకుండా చూసుకోండి.) కాబట్టి జెల్‌ని రిఫరెన్స్‌గా వాడొద్దు. మెషీన్‌లో ఇన్‌ఫ్రారెడ్ లీకేజీ ఉందా లేదా చూడటానికి వాడండి, ఆ పనికి అది భేషైనది. వెండి పట్టీని (స్టౌఫర్ లాంటి ఫిల్మ్ పట్టీ, దాని నల్లదనం వెండి రేణువులదే) సరిగ్గా చదివి, జెల్‌ని తక్కువ చదివితే, జబ్బు వేడి ఫిల్టర్‌లో ఉంది.

జెలటిన్‌లో కార్బన్ కలిపి చేసిన పాత రాటెన్ 96 ఫిల్టర్లు ఇన్‌ఫ్రారెడ్ విషయంలో మెరుగే, కానీ కార్బన్ రేణువులు వెలుతురుని చెదరగొడతాయి. దీంతో అసలు గొడవలోకి వచ్చాం.

ఎలా కొలిచారన్నదే విలువ

ఒకే వెండి ఫిల్మ్ ముక్కకి రెండు డెన్సిటీలు ఉంటాయి. వెండి రేణువులు వెలుతురుని నాలుగు దిక్కులా చెదరగొడతాయి. ఆ చెదిరిన వెలుతురంతా పోగుచేసి కొలిస్తే డిఫ్యూజ్ డెన్సిటీ, సూటిగా వచ్చినది మాత్రమే కొలిస్తే స్పెక్యులర్ డెన్సిటీ. రెండోది ఎప్పుడూ ఎక్కువే. దీన్నే క్యాలియర్ ఎఫెక్ట్ అంటారు. కండెన్సర్ ఎన్‌లార్జర్‌లో ప్రింట్ కాంట్రాస్ట్ పెరిగేది ఇందుకే. డైలతో ఏర్పడే కలర్ ఫిల్మ్‌లో ఈ తేడా దాదాపు ఉండదు, బ్లాక్ అండ్ వైట్‌లోనే ఉంటుంది.

డెన్సిటీ ఎలా కొలవాలో చెప్పే ఐఎస్‌ఓ 5 ప్రమాణంలో రెండో భాగం ట్రాన్స్‌మిషన్ కొలిచే జ్యామితిని, మూడోది వెలుతురు రంగు, ఫిల్టర్ల సంగతిని, నాలుగోది రిఫ్లెక్షన్ జ్యామితిని చెబుతాయి. స్టౌఫర్ విలువలు డిఫ్యూజ్ పద్ధతిలోవి. డెన్సిటోమీటర్లు కూడా అలాగే చూస్తాయి కాబట్టి పేచీ లేదు. అదే పట్టీని ఎన్‌లార్జర్‌లో పెట్టి, ప్రింట్ పేపర్ పెట్టే ఈజెల్ మీద మీటర్‌తో చదివితే, స్కానర్‌లో చదివితే, 3.05 మెట్టు 3.05గా రాదు. వచ్చిన తేడా మీటర్ తప్పు కాదు. మెట్టు విలువ 'మారింది' కాబట్టి మీటర్‌ని తిప్పేసేవాళ్ళని చూస్తే జాలేస్తుంది.

చదివే పద్ధతికి వద్దాం. లైటు ఎప్పుడూ వెలుగుతూ ఉండే రకం మెషీన్ అయితే అరగంట ముందు ఆన్ చేయండి. అమెరికా నుంచి వచ్చిన 110 వోల్టుల మెషీన్‌కి సరిపడా వీఏ (వోల్ట్-ఆంపియర్ సామర్థ్యం) ఉన్న స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి. ఎండాకాలం రాత్రి కాలనీలో ఏసీలన్నీ ఆన్ అయ్యాక వోల్టేజ్ ఊగితే రీడింగూ ఊగుతుంది, అందుకని స్టెబిలైజర్ పెట్టి పొద్దున్నే చదవడం మేలు. అపెర్చర్‌ని బ్లోయర్‌తో ఊది, జీరో నొక్కి, నిమిషం ఆగి మళ్ళీ ఖాళీగా చదవండి. 0.01 కంటే ఎక్కువ జరిగితే ఇంకా వేడెక్కలేదని గానీ, బల్బు కాళ్ళ దగ్గర కాంటాక్ట్ లూజని గానీ అర్థం. పట్టీని మాన్యువల్ చెప్పిన వైపే పెట్టండి. మాన్యువల్ లేకపోతే ఒక వైపు నిర్ణయించుకుని ఇక మార్చొద్దు.

టి2115లో 1, 7, 14, 21 మెట్లు తీసుకోండి. నామమాత్రపు విలువలు 0.05, 0.95, 2.00, 3.05. ఒక్కోటీ మూడుసార్లు చదివి సగటు రాసుకోండి. రాసుకునేదాకా కాలిబ్రేషన్ బటన్‌నీ, స్క్రూనీ ముట్టుకోవద్దు. మెషీన్ మొదట ఏం చూపించిందో రాసి ఉంటేనే జబ్బేమిటో తెలుస్తుంది.

ఇప్పుడు లెక్క. మెషీన్ 0.95కి 0.92, 2.00కి 1.94, 3.05కి 2.96 చూపించిందనుకోండి. మూడు చోట్లా తేడా దాదాపు 3 శాతం. ఇది స్లోప్ లోపం. పై మెట్టు దగ్గర సరిచేస్తే మధ్యలోవి కూడా దారికొస్తాయి. హాయి.

ఇంకో మెషీన్ 1.00కి 1.00, 2.00కి 1.98, 3.00కి 2.82 చూపించింది. చాలామంది దీన్ని కూడా పై మెట్టు దగ్గర లాగేస్తారు. కానీ ఇక్కడ జరిగింది వేరు. ఫిల్మ్ గుండా కాకుండా పక్కనుంచి వెలుతురు దూరుతోంది, మొత్తంలో 0.05 శాతం. డెన్సిటీ 1.00 దగ్గర ఫిల్మ్ వదిలేది 10 శాతం, దానికి 0.05 కలిస్తే లెక్కలోకి రాదు. 3.00 దగ్గర ఫిల్మ్ వదిలేదే 0.1 శాతం. దానికి 0.05 తోడైతే ఒకటిన్నర రెట్లయినట్టు, రీడింగ్ 2.82కి పడిపోతుంది. ఇప్పుడు దాన్ని బలవంతంగా 3.00కి లాగితే మెషీన్ అన్నిటినీ సుమారు 1.06తో హెచ్చిస్తుంది. అప్పుడు మొదట నిక్షేపంగా ఉన్న 1.00 కాస్తా 1.06 అవుతుంది, 2.00 కాస్తా 2.10 అవుతుంది. నెగెటివ్‌లు ఎక్కువగా ఉండేది 0.3 నుంచి 1.5 మధ్యలోనే. అంటే రోజూ వాడే చోట తప్పుని స్వయంగా కొని తెచ్చుకున్నట్టు. రెండు బిందువులతో సరిపెట్టొద్దన్నది ఇందుకే.

మందు స్క్రూలో లేదు, చీకటిలో ఉంది. గది లైట్లు ఆపి, మెషీన్ తల మీద ఫిల్మ్ ఛేంజింగ్ బ్యాగ్ కప్పి మళ్ళీ చదవండి. 2.82 కాస్తా పైకి లేస్తే బయటి వెలుతురే దొంగ. లేవకపోతే లోపల: అపెర్చర్ ప్లేట్ నల్లరంగు లేచిపోయి ఇత్తడి మెరుస్తూ ఉండొచ్చు, తల కింద నల్ల స్పాంజ్ రింగు పొడిపొడి అయిపోయి ఉండొచ్చు (మన వేడికి ఆ స్పాంజ్ ఎన్నేళ్ళని ఆగుతుంది), లెన్సు మీద దుమ్ము పొర ఉండొచ్చు. అవన్నీ చూశాకే కాలిబ్రేషన్.

వెండి పట్టీ చెప్పలేని సంగతి

కలర్ డెన్సిటోమీటర్ ఉన్నవాళ్ళు ఇక్కడే బోల్తా పడతారు. వెండి పట్టీ అన్ని రంగుల్నీ ఒకేలా ఆపుతుంది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఫిల్టర్లు పూర్తిగా వెలిసిపోయినా, ఎవరో వాటిని తారుమారు చేసినా, మూడు ఛానెళ్ళలోనూ రీడింగ్ చక్కగా సరిపోతుంది. మెషీన్ భేషుగ్గా ఉందనుకుంటాం. కాబట్టి వెండి పట్టీ చెప్పేది లైన్ తిన్నగా ఉందా అన్నదొక్కటే. స్టేటస్ ఏ, స్టేటస్ ఎం, అంటే ప్రమాణంలో పేర్లు పెట్టిన రంగు ఫిల్టర్ల సెట్లు, సరిగ్గా ఉన్నాయా అన్నది చెప్పదు. స్టేటస్ ఏ స్లైడ్లకి, కలర్ ప్రింట్లకి. స్టేటస్ ఎం కలర్ నెగెటివ్‌కి. స్టేటస్ టి ప్రింటింగ్ ప్రెస్సులవాళ్ళది.

దానికి డైలున్న ముక్క కావాలి. కొలిచిన విలువలున్న సి-41 (కలర్ నెగెటివ్ కడిగే పద్ధతి) కంట్రోల్ స్ట్రిప్ దొరికితే అదే రాజు. దొరక్కపోతే కనీస పరీక్షగా సి-41లో సరిగ్గా కడిగిన ఎక్స్‌పోజ్ కాని నెగెటివ్ ముక్క, అదే ఆ నారింజ రంగు బేస్, స్టేటస్ ఎంలో చదవండి. ఫిల్మ్‌ని బట్టి మారుతుంది గానీ ఎరుపు 0.2, 0.3 మధ్య, ఆకుపచ్చ 0.6 పరిసరాల్లో, నీలం అన్నిటికంటే ఎక్కువగా 0.8, 0.9 దగ్గర ఉండాలి. మూడూ ఒకదానికొకటి దగ్గరగా వస్తే ఫిల్టర్ల పని అయిపోయింది.

పాత హాలోజన్ బల్బు దొరకలేదని దాని చోట తెల్ల ఎల్‌ఈడీ బిగించిన మెషీన్లు కనబడుతుంటాయి. బ్లాక్ అండ్ వైట్‌కి సర్దుకుపోవచ్చు. కలర్‌కి ఆ మెషీన్ ఇక ఏ స్టేటస్‌కీ చెందదు. ప్రమాణంలో రాసినది 2856 కెల్విన్ టంగ్‌స్టన్ వెలుతురు. ఎల్‌ఈడీలో నీలం దగ్గర గుట్ట, దాని పక్కనే గుంట. ఏ రిఫరెన్స్ తెచ్చినా ఆ గుంట పూడదు.

స్కానర్ల రంగులు సరిచూడటానికి అమ్మే ఐటీ8 టార్గెట్‌ని (రంగు గళ్ళ చార్ట్) కూడా కాస్త తెలివిగా వాడుకోవచ్చు. దాని కింది వరసలోని బూడిద గళ్ళకి డేటా ఫైల్‌లో ఎల్-స్టార్ (గడి ఎంత తెల్లగా ఉందో చెప్పే అంకె) విలువలుంటాయి. ఎల్-స్టార్‌కి 16 కలిపి, 116తో భాగించి, మూడో ఘాతానికి పెంచండి. వచ్చినదానికి లాగ్ తీసి గుర్తు మార్చితే విజువల్ డెన్సిటీ. ఎల్-స్టార్ 50 అయితే 0.73, 20 అయితే 1.52. (8 కంటే తక్కువ ఉన్న గళ్ళకి ఈ సూత్రం వర్తించదు.) ఆ డేటా డి50 అనే ప్రామాణిక పగటి వెలుతురు కింద లెక్కగట్టినది, మీ మెషీన్ టంగ్‌స్టన్ కింద చదువుతుంది, పైగా ఆ బూడిద డైలతో చేసినది. కాబట్టి ఇది సరిచేసే రిఫరెన్స్ కాదు, అనుమానం తీర్చుకునే రిఫరెన్స్.

రిఫ్లెక్షన్ ప్లాక్

ఇక్కడ ఖాళీగాలి జీరో పనిచేయదు, తెలుపు కావాలి. ఇంకో మెషీన్ తాలూకు ఎక్స్-రైట్ ప్లాక్ దొరికినా పనికొస్తుంది, ఒక్క షరతు మీద: దాని మీద అచ్చేసిన విలువలే ఎంటర్ చేయాలి, మీ పాత ప్లాక్ విలువలు కాదు. ప్లాక్‌ది ప్లాక్‌కే.

అదీ లేకపోతే మెరుపున్న తెల్ల గ్లేజ్డ్ టైల్ ముక్క. బాత్‌రూమ్ టైలే. రంగుపూత కాకుండా పింగాణీ గ్లేజ్ ఉన్నది, నున్నగా, డిజైన్ లేనిది. రంగు మారదు, కడగొచ్చు, కింద పడకపోతే మనకంటే ఎక్కువ కాలం ఉంటుంది. దాని విలువ మాత్రం మీకు తెలీదు. అది కొలిపించుకోవాలి. నగరంలో పెద్ద ఆఫ్‌సెట్ ప్రెస్సుల్లో ఏటా కాలిబ్రేషన్ చేయించే స్పెక్ట్రోడెన్సిటోమీటర్లు ఉంటాయి. పని లేని వేళ అడిగితే రెండు నిమిషాల పని. అడిగేటప్పుడు మూడు సంగతులు చెప్పాలి: విలువ పేపర్ వైట్‌తో పోల్చినది కాదు, ఆబ్సొల్యూట్ కావాలి. పోలరైజింగ్ ఫిల్టర్ తీసేయాలి. వీలైతే స్టేటస్ ఏ పెట్టాలి, లేకపోతే టి అయినా ఫర్వాలేదు, టైల్ తటస్థంగా ఉంటే తేడా స్వల్పం. ఐదు చోట్ల చదివించి, 0.01 కంటే ఎక్కువ తేడా ఉన్న టైల్‌ని పక్కన పడేయండి. ఫోటో పేపర్‌నీ జిరాక్స్ పేపర్‌నీ తెల్ల రిఫరెన్స్‌గా అసలు వాడొద్దు. వాటిలో కలిపే బ్రైట్‌నర్లు అల్ట్రావయొలెట్‌ని నీలంగా మార్చి నీలం ఛానెల్‌ని వెర్రెత్తిస్తాయి, పైగా ఏళ్ళు గడిచేకొద్దీ పసుపెక్కుతాయి.

నలుపు వైపుకి కలర్‌చెకర్ (ఫోటోగ్రాఫర్లు వాడే రంగు గళ్ళ చార్ట్) అడుగు వరస సాయపడుతుంది. ఆరు గళ్ళ నామమాత్రపు డెన్సిటీలు 0.05, 0.23, 0.44, 0.70, 1.05, 1.50. చార్ట్ మాసిపోకుండా ఉన్నదైతేనే. అంతకంటే పైన కావాలంటే మెరిసే నల్ల గాజు ముక్క. 45 డిగ్రీల నుంచి వెలుతురు వేసి నిటారుగా చూసే జ్యామితిలో ఆ మెరుపు సెన్సర్‌కి చేరదు కాబట్టి రీడింగ్ 2 దాటుతుంది. దాటకపోతే లోపల వెలుతురు చెదురుతోందన్నమాట.

లైట్ మీటర్లు, క్లుప్తంగా

వీటి గురించి విడిగా ఇంకోసారి రాయాలి, ఇప్పటికి రెండు ముక్కలు. రిఫరెన్స్ వెతికే ముందు బ్యాటరీ చూడండి. పాత గోసెన్ లూనాసిక్స్ లాంటివి 1.35 వోల్టుల మెర్క్యురీ సెల్ కోసం చేసినవి. దాని చోట 1.55 సిల్వర్ ఆక్సైడ్ పెట్టి, మీటర్ తప్పు చూపిస్తోందని కాలిబ్రేషన్ స్క్రూ తిప్పితే రోగం ఒకటి, మందు ఒకటి. హియరింగ్ ఎయిడ్ షాపులో "అన్నా, నీలం స్టిక్కర్ 675 ఇవ్వండి" అంటే 1.4 వోల్టుల జింక్-ఎయిర్ సెల్ ఇస్తారు. వెడల్పు తక్కువ, చుట్టూ రింగు వేయాలి. స్టిక్కర్ తీశాక కొన్ని వారాలే పనిచేస్తుంది.

దృశ్యంలో చిన్న చోటు నుంచి వచ్చే వెలుతురుని కొలిచే స్పాట్ మీటర్‌కి ఇంట్లో దొరికే రిఫరెన్స్ కంప్యూటర్ మానిటర్. ఎవరి దగ్గరైనా స్క్రీన్ కాలిబ్రేటర్ ఉంటే తెల్ల తెరని చదరపు మీటరుకి 128 క్యాండెలాలకి సెట్ చేయండి. కె విలువ (మీటర్‌కి కంపెనీ ఎంచుకున్న స్థిరాంకం) 12.5 ఉన్న మీటర్, అంటే సెకానిక్, ఐఎస్‌ఓ 100 దగ్గర సరిగ్గా ఈవీ (ఎక్స్‌పోజర్ విలువ) 10 చూపాలి. కె 14 ఉన్న మినోల్టా, పెంటాక్స్ స్పాట్ మీటర్లు 9.84 దగ్గర చూపుతాయి. ఆ 0.16 తేడా లోపం కాదు, కంపెనీల పాత పట్టుదల. బ్రైట్‌నెస్ బాగా తగ్గిస్తే కొన్ని మానిటర్లు కంటికి తెలీకుండా మినుకుమంటాయి, మీటర్ తికమక పడుతుంది. వస్తువు మీద పడే వెలుతురుని కొలిచే ఇన్సిడెంట్ మీటర్‌కి కాలిబ్రేట్ చేసిన లక్స్ మీటర్ పక్కన పెడితే చాలు: చదునైన రిసెప్టర్‌కి, సి (కె లాంటిదే ఇంకో స్థిరాంకం) 250 అనుకుంటే, 2560 లక్స్ అంటే ఈవీ 10. గుమ్మటం ఉన్న సెకానిక్‌కి, సి 340, అదే ఈవీకి సుమారు 3480 లక్స్ కావాలి.

ఎండని రిఫరెన్స్ చేసుకోవచ్చా అంటే, మూడో వంతు స్టాప్ అటూ ఇటూ ఒప్పుకుంటే చేసుకోవచ్చు. హైదరాబాద్‌లో మే 9 దరిదాపుల్లో మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి వస్తాడు, మబ్బు, ధూళి లేకపోతే ఐఎస్‌ఓ 100కి ఈవీ 15 పరిసరాల్లో చూపాలి. ఆగస్టు మొదట్లో మళ్ళీ వస్తాడు గానీ అప్పటికి వానల మబ్బులు. మానిటర్ దగ్గర ఈవీ 10 సరిగ్గా ఉండి, ఎండలో ఒకటిన్నర స్టాప్ తక్కువ చూపే పాత సెలీనియం మీటర్‌కి సెల్ పోయింది. దానికి ఏ రిఫరెన్సూ మందు కాదు.

సర్టిఫికెట్, దాచడం

ఉద్యోగానికో, ఆడిట్‌కో కాగితం కావాల్సినవాళ్ళు, ల్యాబులకి గుర్తింపు ఇచ్చే ఎన్‌ఏబీఎల్ వెబ్‌సైట్‌లో ల్యాబుల స్కోప్ (ఏ ఏ కొలతలకి గుర్తింపు ఉందో ఆ జాబితా) చూడండి, అది అందరికీ తెరిచే ఉంటుంది. 'డెన్సిటోమీటర్' లేదా 'ఆప్టికల్ డెన్సిటీ' అన్న మాట స్కోప్‌లో ఉన్న ల్యాబ్‌కే ఇవ్వండి. మిగతా ఎన్ని కొలతలకి గుర్తింపు ఉన్నా ఇది లేకపోతే ఆ కాగితం మీకు పనికిరాదు. దేశంలో కొలతలకి పై మెట్టు ఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ ల్యాబొరేటరీ. సర్టిఫికెట్‌లో ప్రతి మెట్టు విలువ, అనిశ్చితి, ఏ ఛానెల్‌లో చదివారు, అపెర్చర్ వ్యాసం ఎంత అన్నవి రాయమని ముందే చెప్పండి. అపెర్చర్ 3 మిల్లీమీటర్లు, మెట్టు ఎత్తు సుమారు 6 మిల్లీమీటర్లు అయితే పక్క మెట్టు అంచు తగలకుండా ఉండేందుకు చోటు తక్కువే, మధ్యలో పెట్టడం ల్యాబ్‌వాళ్ళ చేతుల్లో ఉంటుంది.

పట్టీని పాలిస్టర్ కవర్‌లో పెట్టండి. మెత్తటి పీవీసీ కవర్ వద్దు, అది జిడ్డు వదులుతుంది. సిలికా జెల్ పాకెట్‌తో గాలి చొరబడని డబ్బాలో ఉంచండి. బీరువాలో నాఫ్తలీన్ ఉండల పక్కన మాత్రం పెట్టొద్దు. వాడే కాపీ వేరు, అసలుది వేరు. రెండిటినీ ఏడాదికి రెండుసార్లు, వానలకి ముందు జూన్ మొదట్లో, వానలు తగ్గాక అక్టోబర్ చివర్లో, ఒకే రోజు ఒకే మెషీన్ మీద పోల్చండి. తేడా 0.02 దాటిన మెట్టుకి కవర్ మీద మార్కర్‌తో అడ్డగీత కొట్టేసి, పక్క మెట్టుతో పని కానివ్వండి. మిగతా ఇరవై ఉన్నాయిగా.